ఇంతకీ ఏ రంగు?

కారు కొనాలనుకోవడం తేలికే. ఏ కారో తేల్చుకోవడం కాస్త కష్టం. ఏ రంగో తేల్చుకోవడం... అబ్బో! ఓ కుటుంబం మూడు ఆదివారాలు ఆ పనిమీదే విజయవాడ షోరూం చుట్టూ తిరిగింది. చివరికి తేలింది మాత్రం రంగొక్కటే కాదు.

"రంగు ఏది సార్?"

మెడలో కంపెనీ ట్యాగు వేసుకున్న కుర్రాడు ఎంతో మర్యాదగా అడిగాడు. ఒకేసారి నాలుగు గొంతులు లేచాయి.

"నలుపు" అన్నాడు కొడుకు.

"తెలుపు" అన్నారు తండ్రి.

"ఎరుపైతే ఎంత బాగుంటుందో!" అంది కోడలు.

"నీలం... నీలం!" అంటూ గంతులేశాడు ఎనిమిదేళ్ల మనవడు.

తల్లి మాత్రం ఏమీ అనలేదు. మెత్తటి సోఫాలో కూర్చుని వాళ్లిచ్చిన కాఫీ తాగుతున్నారు.

కుర్రాడు నవ్వాడు. అతనికి ఇది రోజూ ఉండే తమాషానే. సొరుగులోంచి అరచేతి వెడల్పున్న రంగుల రేకులు తీసి బల్లమీద వరసగా పేర్చాడు. పట్టుచీరల కొట్టులో మడతలు విప్పి పరిచినట్టు! తెలుపులోనే రెండు రకాలు. నలుపులో రెండు. బూడిద రంగులో మూడు. ఆ పక్కన నీలం, ఎరుపు, ముదురాకుపచ్చ.

తండ్రి ఒక్కో రేకూ తిప్పి చూశారు. ఆయనకు అరవై నాలుగేళ్లు. గుంటూరు దగ్గర ఊళ్లో మిరప, పత్తి పండించిన రైతు. జీవితంలో మొదట కొన్న బండి ట్రాక్టరు. దాని రంగు ఆయన్ని ఎవరూ అడగలేదు. ట్రాక్టరు రంగు కంపెనీదే తప్ప రైతుది కాదు. తర్వాత కొన్న స్కూటరుకి 'ఉన్న రంగు ఇదే, తీసుకుంటే తీసుకోండి' అన్నారు. అలాంటి మనిషి ముందు ఇప్పుడు ఇన్ని రేకులు!

ఇంతకీ ఈ కారు డబ్బు ఎక్కడిదంటే... పొలానిది.

సెంట్ల లెక్క

తాతల నాటి ఎకరం ఇరవై సెంట్లు. ఒకప్పుడు ఊరికి దూరంగా ఉండేది. ఊరే పెరిగి పెరిగి పొలం గట్టుదాకా వచ్చింది. చుట్టూ వెంచర్లు వేశారు. కూలీలు దొరక్క, నీళ్లు రాక రెండేళ్లు బీడు పెట్టాక, సంక్రాంతి వెళ్లగానే అమ్మేశారు. పన్నులూ ఖర్చులూ పోను సెంటుకు రెండు లక్షల చొప్పున చేతికొచ్చింది.

రిజిస్ట్రేషను నాడు ఆయన ఏమీ మాట్లాడలేదు. కానీ ఆ రోజు నుంచీ ఓ అలవాటు పట్టుకుంది. ఏ వస్తువు ధర విన్నా మనసులోనే సెంట్లలోకి మార్చుకుంటున్నారు. కొడుకు చేతిలో ఫోను... అర సెంటు. హాల్లో కొత్త టీవీ... సెంటు. మనవడి స్కూలు ఫీజు... ఏడాదికి ముప్పావు సెంటు.

మరి ఈ కారు? జర్మన్ కంపెనీ ఎస్‌యూవీ. అన్నిటికంటే కింది రకం రోడ్డు మీదకు వచ్చేసరికి 84 లక్షలు. అంటే నలభై రెండు సెంట్లు!

"నాన్నా, బిల్డర్లు వచ్చే మీటింగుకి పాత కారులో వెళితే మనిషిని చూసే తీరే వేరు. ఇది సోకు కాదు, వ్యాపారం" అన్నాడు కొడుకు. అతనికి ఇనుము, సిమెంటు కొట్టుంది. అతని మాటలో నిజం లేకపోలేదు. తండ్రి సరేనన్నారు. గొడవంతా ఆ తర్వాత... రంగు దగ్గర మొదలైంది.

నలుపా... తెలుపా?

నిజానికి కారు రంగు గురించి ఇంట్లో వాదులాడుకునే భాగ్యం మనుషులకు దక్కి వందేళ్లే అయింది. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ 1908లో తెచ్చిన మోడల్-టి కారు మొదట్లో వేరే రంగుల్లోనూ దొరికేది. 1914 నుంచి 1925 దాకా మాత్రం నలుపొక్కటే. ఒకే రంగయితే చౌక, మన్నిక, పని చకచకా సాగుతుంది. ఆ రోజుల్లో మిగతా రంగులు పూసి ఆరబెట్టడానికి రోజులూ వారాలూ పట్టేది. 1920ల్లో డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' అనే కొత్త రకం పెయింటు తెచ్చింది. గంటల్లో ఆరిపోతుంది! జనరల్ మోటార్స్ దాన్ని అందిపుచ్చుకుని నీలం రంగు కార్లు రోడ్డెక్కించింది. 1927లో ఏకంగా 'ఆర్ట్ అండ్ కలర్' పేరుతో ఓ విభాగమే పెట్టి హార్లీ ఎర్ల్ అనే డిజైనర్‌ని కూర్చోబెట్టింది. అప్పటికే జనం రంగులవైపు మళ్లారు. ఫోర్డ్ కూడా 1926లో మళ్లీ రంగులు వేయక తప్పలేదు.

మరి మనకో? తెల్లటి అంబాసిడర్ వచ్చి ఆగితే ఎవరో అధికారి దిగుతున్నాడనే లెక్క. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినా, తెలుపంటే హోదా అన్న మాట మన పెద్దల మనసులోంచి పోలేదు. తండ్రి తెలుపు కోరడానికి అదొక్కటే కారణం కాదు. ఆయన ఎండలో పనిచేసిన మనిషి. నల్లగొడుగు కింద ఎంత ఉక్కపోస్తుందో, తెల్లటి తలగుడ్డ కింద ఎంత హాయో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

శాస్త్రం కూడా ఆయన పక్షమే! అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వారు 2011లో ఒకే మోడల్ కార్లు రెండు ఎండలో పెట్టి చూశారు. ఒకటి నలుపు, మరొకటి వెండి రంగు. నల్ల కారు పైకప్పు 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కింది. లోపలి గాలి 5-6 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో ఆ తేడా చిన్నదేమీ కాదు. పైగా అద్దాలకు నల్ల ఫిల్ము అతికించుకుందామంటే 2012లోనే సుప్రీంకోర్టు వద్దని చెప్పేసింది.

ఇంకో మాట. ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయం వారు 2007లో ప్రమాదాల లెక్కలు తీసి, తెల్ల కార్లకంటే నల్ల కార్లకు ముప్పు కాస్త ఎక్కువేనని తేల్చారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. తెలుపు ఎదుటివాడికి దూరం నుంచే కనిపిస్తుంది.

"నలుపులో ఉన్న ఠీవి తెలుపులో ఎక్కడుంది నాన్నా?" కొడుకు పట్టు వదల్లేదు. అదీ నిజమే. కడిగి తుడిచిన పది నిమిషాలపాటు నల్ల కారంత అందం మరో కారుకి రాదు. పదకొండో నిమిషంలో దుమ్ము పడుతుంది. గరుకు గుడ్డతో తుడిచిన గీతలు సాలెగూడులా ఎండలో మెరుస్తాయి. ఆ సంగతి కారు కడిగే డ్రైవరుకి తెలుసు. కానీ రంగు గురించి డ్రైవర్ని అడిగేదెవరు?

ఎరుపు సంగతి కోడలే వదిలేసుకుంది. "రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్లు తక్కువట" అని ఆమె అన్నయ్య చెప్పాడు. విచిత్రం చూడండి... కారు ఇంకా ఇంటికే రాలేదు, దాన్ని ఎవరికి అమ్మాలో ఆలోచించి రంగు ఎంచుతున్నారు! మనలో చాలామంది చేసేది అదే. అందుకేనేమో ప్రపంచమంతటా దశాబ్దానికి పైగా తెలుపు, నలుపు, బూడిద రంగులదే రాజ్యం.

తెలుపుకీ రెండు ధరలు

రెండో ఆదివారం కుర్రాడు అసలు గుట్టు విప్పాడు. "మామూలు తెలుపుకి అదనంగా ఏమీ లేదు సార్. మెటాలిక్ రంగుకి లక్ష."

"పెయింటుకి లక్షా?" అంటే, అర సెంటు!

తేడా ఏమిటంటే... కారు రేకు మీద పడేది ఒక్క పూత కాదు. తుప్పు పట్టకుండా ఒకటి, నునుపు కోసం ఒకటి, ఆపైన రంగు, అన్నిటికీ పైన అద్దం లాంటి పారదర్శక పూత. రంగు పొరలో సన్నటి అల్యూమినియం రేణువులు కలిపితే అది మెటాలిక్. అభ్రకం లాంటి మెరుపు పొడి కలిపితే ముత్యపు రంగు. ఎండలో ధగధగలాడుతుంది, చూడ్డానికి ముచ్చటే. కానీ రేపు ఓ తలుపు సొట్టపోతే ఆ రేణువుల తీరు మళ్లీ పక్క తలుపుతో కలిసేలా పూయడం కష్టం, ఖర్చు. మామూలు తెలుపుకి ఆ బెడద తక్కువ. మెరుపే లేని మ్యాట్ రంగయితే మరీ సున్నితం. గీత పడితే పాలిష్ పెట్టడానికి వీల్లేదు.

రంగుల పేర్లు కూడా మామూలుగా ఉండవు. ఒక కంపెనీ నలుపుకి అగ్నిపర్వతపు గాజురాయి అబ్సిడియన్ పేరు. ఇంకో కంపెనీ నలుపుకి గ్రీసులోని శాంటోరిని దీవి పేరు, తెలుపుకి జపాన్ ఫుజి కొండ పేరు. "మన కోటప్పకొండ పేరు పెట్టలేదా?" అన్నారు తండ్రి. షోరూంలో అందరూ నవ్వారు.

ఎక్కే కొద్దీ మెట్లు

రంగు అయ్యాక మొదలయ్యేది అసలు కథ... ట్రిమ్‌లు! ఒకే కారు, ఒకే ఇంజను. ఒక్కో మెట్టు ఎక్కే కొద్దీ ఒక్కో సోకు. కుర్రాడు ట్యాబ్‌లో వేలితో నొక్కుతుంటే తెరమీద కారు మారిపోతోంది. కింద అంకె కూడా!

"21 అంగుళాల చక్రాలు... మూడు లక్షలు సార్."

సెంటున్నర.

"ముందు జాలీ, కిటికీల అంచులు వెండి మెరుపు తీసేసి నలుపు వేస్తాం. రెండు లక్షలు."

"ఉన్న మెరుపు తీసేసినందుకు సెంటా?" ఈసారి ఆయన పైకే అనేశారు. కుర్రాడికి అర్థం కాలేదు.

"మ్యూజిక్ సిస్టం నాలుగు లక్షలు." రెండు సెంట్లు.

"వీపు మర్దన చేసే సీట్లు నాలుగు." మరో రెండు.

"వేగం ఎదుటి అద్దం మీదే కనిపించే ఏర్పాటు, లోపలి రంగుల లైట్లు కలిపి మూడు." సెంటున్నర.

ప్రతి మెట్టు దగ్గరా కొడుకు అన్నది ఒకటే మాట. "ఇంత పెట్టి ఇంకో మూడు లక్షల దగ్గర చూసుకుంటామా నాన్నా?" ట్రిమ్‌ల కిటుకంతా ఆ మాటలోనే ఉంది. మూడు లక్షలు విడిగా అడిగితే ఎవరైనా ఉలిక్కిపడతారు. 84 లక్షల పక్కన నిలబెడితే చిల్లరలా కనిపిస్తుంది. పైగా బండి ధర పెరిగిన కొద్దీ జీవితకాల పన్ను, బీమా కూడా పెరుగుతాయి. మెటాలిక్ పెయింటుతో కలిపి పదిహేడు లక్షల సోకులకు పన్నులు, బీమా చేరి ఇరవై లక్షలయ్యాయి. మొత్తం 1 కోటి 4 లక్షలు.

పది సెంట్లు పెరిగింది. పది సెంట్లంటే తూర్పు గట్టు దగ్గర బావి, దాని పక్కన వేపచెట్టు ఉన్న ముక్క. ఏటా కల్లం చేసుకున్నది అక్కడే.

ఆయనకు ఒక్క సందేహం మిగిలింది. "ఇవన్నీ పెట్టుకుంటే గుద్దుకున్నప్పుడు మనుషులకు ఏమైనా ఎక్కువ రక్షణ ఉంటుందా బాబూ?"

కుర్రాడు నిజాయతీపరుడు. "లేదు సార్. ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు ఈ కారులో కింది రకానికీ పై రకానికీ ఒకటే" అన్నాడు. చిన్న కార్లలో కొన్ని భద్రతా ఏర్పాట్లు పై రకాల్లోనే ఇస్తుంటారు. అక్కడ మెట్టు ఎక్కడంలో అర్థముంది. ఈ కారులో అలా కాదు. చక్రం పెద్దదై, టైరు పక్కభాగం సన్నబడితే గుంతల రోడ్డు మీద ఆ దెబ్బ నేరుగా నడుముకే తగులుతుంది. గుంటూరు నుంచి వాళ్ల ఊరికి రోడ్డు ఎలా ఉంటుందో కుర్రాడికి తెలియదు గానీ, ఆ ఇంట్లోవాళ్లకు బాగా తెలుసు.

అక్కని అడుగుదాం

ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్లీ అదే పంచాయితీ. నలుపు, తెలుపు. తెలుపు, నలుపు.

"అక్కని అడుగుదాం. అక్క ఏదంటే అదే" అన్నాడు కొడుకు. చిన్నప్పటి నుంచీ వాళ్లిద్దరి మధ్యా అదే ఒప్పందం. పతంగి రంగైనా, సినిమా అయినా... అక్క మాటే ఫైనల్.

అక్క ఉండేది ఖమ్మంలో. భర్త కాలేజీ లెక్చరరు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ఈ ఏడాదే ఇంజినీరింగులో చేరింది. ఫోను స్పీకర్లో పెట్టారు. తమ్ముడు ఉత్సాహంగా కారు సంగతంతా చెప్పాడు. చక్రాలు, సీట్లు, మ్యూజిక్...

"చెప్పవే అక్కా, నలుపా తెలుపా?"

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆమె నవ్వుతూనే అంది.

"సంక్రాంతి వెళ్లాక సంతకానికి పిలిచారు, వచ్చి పెట్టాను. ఇప్పుడు రంగు చెప్పమంటున్నారు, చెబుతాను. ఆ రెంటికీ మధ్య ఏదో అడగడం మర్చిపోయినట్టున్నారు కదరా!"

ఎవరూ మాట్లాడలేదు. "సరేలే, పిల్లలకి అన్నం పెట్టాలి" అని ఆమే ఫోను పెట్టేసింది.

"పెళ్లిలో ఇచ్చాం కదా" అన్నాడు కొడుకు, కాసేపటికి. గొంతులో బలం లేదు.

అప్పుడు మాట్లాడారు తల్లి. షోరూంలో మూడు కాఫీలు తాగినా నోరు విప్పని ఆవిడ.

"ఏమండీ, రోజూ సెంట్ల లెక్క చెబుతారు కదా. ఆ నూట ఇరవై సెంట్లలో అమ్మాయివి ఎన్ని?"

అంతే! ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ చట్టం సవరించారు. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. పెళ్లిలో ఏం పెట్టారన్నది ఆ హక్కును చెరిపేయదు. పొలం కొన్నవాళ్ల లాయరు ఆడపిల్ల సంతకం ఉండాల్సిందేనని పట్టుబట్టింది అందుకే. సంతకం కావాల్సి వచ్చినప్పుడు గుర్తొచ్చిన చట్టం, డబ్బు పంచుకునేటప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. చెడ్డ మనసుతో కాదు. మన ఇళ్లలో అది అలవాటు, అంతే.

తండ్రి ఆ రాత్రి పడుకోలేదు. నూట ఇరవై. ముగ్గురికి తలా నలభై. నలభై రెండు సెంట్ల కారు, పది సెంట్ల సోకులు, మిగిలింది ఇంటికీ కొట్టుకీ... ఈ లెక్కలన్నిట్లో ఆయన అనుకున్నవి నూట ఇరవై సెంట్లూ తమవేనని. నిజానికి ఉన్నవి ఎనభై.

బుధవారం ప్రయాణం

బుధవారం తండ్రీకొడుకులు పాత కారులో ఖమ్మం వెళ్లారు. తండ్రి జేబులో ఎనభై లక్షలకు చెక్కుంది.

కూతురు చెక్కు చూసి ఏడవలేదు, వద్దనలేదు. మంచినీళ్లిచ్చింది. "నేను అడిగినందుకు తెచ్చారా నాన్నా?" అని మాత్రం అడిగింది.

"నువ్వు అడిగేదాకా ఉండటమే తప్పమ్మా" అన్నారాయన.

ఆమె లోపలికి వెళ్లి చెక్కు బీరువాలో పెట్టి వచ్చింది. తమ్ముడివైపు తిరిగి, "భోంచేసి వెళ్లండిరా, గోంగూర చేశాను" అంది. దారిలో ఏం మాట్లాడాలా అని రెండు రోజులు మథనపడిన తమ్ముడికి అంతకంటే మాటలు అవసరం లేకపోయాయి.

మూడో ఆదివారం షోరూంలో కుర్రాడు ట్యాబ్ తెరిచాడు. ఈసారి తెర మీద వేలు ఎదురు దిశలో కదిలింది. పెద్ద చక్రాలు పోయాయి. నల్ల అంచులు పోయాయి. మర్దన సీట్లు, మ్యూజిక్, లైట్లు పోయాయి. తీసేయమని చెప్పింది కొడుకే. ఒకే ఒక్కటి అదనంగా చేరింది... ఎక్కేటప్పుడు కాలు పెట్టుకోవడానికి పక్కన మెట్టు. మూడు ఆదివారాలుగా ఆ ఎత్తు కారు ఎక్కి దిగుతున్నప్పుడల్లా తల్లి మోకాలు పట్టుకుంటున్నారని, అది చూసింది కోడలు ఒక్కతేనని అప్పుడు గానీ తెలియలేదు.

"రంగు?" అడిగాడు కుర్రాడు, భయంభయంగా.

"మామూలు తెలుపు. అదనంగా ఏమీ లేనిది" అన్నాడు కొడుకు.

డెలివరీ రోజున ఖమ్మం నుంచి అక్క, బావ, పిల్లలు వచ్చారు. గుడి దగ్గర పూజ చేయించి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. మనవడు తన నీలం బొమ్మకారు తెచ్చి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. తల్లి పక్కమెట్టు మీద కాలుపెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నారు.

అక్క కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తమ్ముడు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా" అంది ఆమె. ఒక్క క్షణం ఆగి, "కానీ... నలుపైతే ఇంకా బాగుండేది!"